బొటనవేలు చెప్పే జబ్బు
కత్తి పెడితే ముదిరే ఎముకల వ్యాధి. గుర్తించడమే సగం వైద్యం

బిడ్డ పుట్టగానే ఇంట్లో పెద్దవాళ్లు చేసే మొదటి పని కాళ్లూ చేతులూ చూడడం. వేళ్లు సరిగా పదేసి ఉన్నాయంటే తృప్తి పడతారు. కాలి బొటనవేళ్లు రెండూ కాస్త పొట్టిగా, పక్క వేలి వైపు వంగి ఉన్నా "తాత పోలిక" అనో, "పెరిగితే అదే సర్దుకుంటుంది" అనో అనుకుని ఊరుకుంటారు. చాలామంది పిల్లల విషయంలో ఆ మాట నిజమే. కాని పది ఇరవై లక్షల మందిలో ఒకరి విషయంలో మాత్రం ఆ వంకర వేళ్లు ఒక పెద్ద జబ్బుకు ముందు వచ్చిన కబురు. ఆ కబురు అందుకున్న బిడ్డకూ, అందుకోని బిడ్డకూ జీవితంలో తేడా చాలా ఉంటుంది.

ఈ జబ్బు పేరు ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికన్స్ ప్రొగ్రెసివా. నోరు తిరగని పేరు కాబట్టి వైద్యులు సైతం పొట్టిగా ఎఫ్.ఓ.పి. అంటారు. ప్రపంచంలో ఏ జాతి వారికైనా, ఆడవారికైనా, మగవారికైనా ఇది ఒకే తీరుగా వస్తుంది. ఇరవై లక్షల జనాభా ఉన్న జిల్లాలో లెక్క ప్రకారం ఒకరో ఇద్దరో ఉండవచ్చు. ఇంత అరుదైనది కావడం చేత చాలామంది డాక్టర్లు తమ జీవితకాలంలో ఒక్క రోగిని కూడా చూసి ఉండరు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఒంట్లో రెండో అస్థిపంజరం

కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నారలు, కీలు చుట్టూ ఉండి దానిని నిలిపి ఉంచే పట్టీలు, కండరాల మీది పొరలు మెత్తగా, సాగే గుణంతో ఉండబట్టే మనిషి వంగుతాడు, లేస్తాడు, నాట్లు వేస్తాడు, బండి ఎక్కుతాడు. ఎఫ్.ఓ.పి.లో ఈ మెత్తని భాగాలే ఒక్కొక్కటిగా ఎముకగా మారిపోతాయి. అది ఏదో సున్నం పేరుకోవడం కాదు. మూలుగతో సహా అచ్చమైన ఎముకే. ఉండకూడని చోట పుట్టడం ఒక్కటే దాని తప్పు. ఈ కొత్త ఎముక కీలుకు అటూ ఇటూ ఉన్న పాత ఎముకల మధ్య వంతెన వేస్తుంది. తలుపు మడతబందుకు అడ్డంగా మేకు దిగ్గొట్టినట్టు ఆ కీలు ఇక కదలదు.

ఇది వచ్చే వరుస కూడా చాలామందిలో ఒకే విధంగా ఉంటుంది. ముందు మెడ, వీపు, భుజాలు పట్టేస్తాయి. ఆ తర్వాత మోచేతులు, తుంటి, మోకాళ్లు. కొందరికి దవడ బిగుసుకుపోయి నోరు తెరవడం కష్టమవుతుంది. పక్కటెముకలు కదలక ఛాతీ విచ్చుకోకపోవడం వల్ల ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. మామూలు జలుబు కూడా న్యుమోనియాలోకి దిగే ప్రమాదం ఉంటుంది. వినికిడి తగ్గడం కూడా చాలామందిలో కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు వచ్చేసరికి ఎక్కువ మంది చక్రాల కుర్చీకే పరిమితమవుతారు. ఇంత జరిగినా గుండె కండరం, నాలుక, కంటిని తిప్పే కండరాలు, ఊపిరి తీయించే ఉదరవితానం మాత్రం ఎముకగా మారవు. తెలివితేటలకు ఏ లోపమూ రాదు. ఈ జబ్బు ఉన్నవారు చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు, బొమ్మలు గీశారు.

గుర్తు పుట్టుకతోనే ఉంది

కనిపెట్టడం ఎంత కష్టమో అనుకునే ఈ జబ్బుకు తొలి గుర్తు చాలా సులువైనది. దానికి యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. పుట్టిన బిడ్డ కాలి బొటనవేళ్లు చూస్తే చాలు. ఎఫ్.ఓ.పి. ఉన్న పిల్లల్లో దాదాపు అందరికీ రెండు కాళ్ల బొటనవేళ్లూ పుట్టుకతోనే పొట్టిగా ఉండి, పక్క వేళ్ల వైపు ఒరిగి ఉంటాయి. వేలి మధ్య కీలు లేకపోవడం వల్ల కొందరిలో అది వంగదు. కొందరికి చేతి బొటనవేళ్లు కూడా పొట్టిగా ఉంటాయి. పాదానికి ఎక్స్‌రే తీస్తే లోపం స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో గుర్తు పాకే వయసులో బయటపడుతుంది. ఈ పిల్లలకు మెడ బిరుసుగా ఉంటుంది. చేతుల మీద, మోకాళ్ల మీద పాకాలంటే తల పైకెత్తాలి. అది వారికి సాధ్యపడదు. అందుకని పాకకుండా పిర్రల మీద డేకుతూ ముందుకు జరుగుతారు. డేకే పిల్లలందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. అలాగే బొటనవేలు వంకర ఉన్న వారందరూ రోగులూ కారు. పెద్దవారిలో చెప్పుల ఒరిపిడి వల్లా, కీళ్లవాతం వల్లా వేళ్లు ఒరుగుతాయి. వాటికీ దీనికీ సంబంధం లేదు. పుట్టుకతోనే రెండు బొటనవేళ్లూ వంకరగా ఉండి, వాటికి తోడు మెడ బిరుసుగా ఉన్నా, వీపు మీదో తల మీదో గడ్డలు లేచినా అప్పుడు ఈ జబ్బును తలుచుకోవాలి.

గడ్డ కాని గడ్డ

సాధారణంగా పదేళ్ల లోపే జబ్బు తన రూపం చూపిస్తుంది. ఉన్నట్టుండి మెడ మీద, వీపు మీద, కొందరు పసిపిల్లలకు తల మీద వాపు లేస్తుంది. అది వెచ్చగా, ఎర్రగా, నొప్పిగా ఉంటుంది. ఒక్కోసారి రాత్రికి రాత్రే పెరుగుతుంది. ఇలాంటి వాపు కొన్నాళ్లకు తగ్గిపోవచ్చు. ఎక్కువసార్లు మాత్రం అది గట్టిపడి ఎముకై కూర్చుంటుంది. కింద పడ్డా, దెబ్బ తగిలినా, కండరం మీద ఎక్కువ భారం పడినా, ఫ్లూ వంటి జ్వరం వచ్చినా వాపు లేవవచ్చు. ఏ కారణమూ లేకుండానూ లేస్తుంది.

పసిబిడ్డ వీపు మీద వేగంగా పెరిగే గట్టి గడ్డను చూసిన వైద్యుడికి ముందు వచ్చే అనుమానం క్యాన్సర్. అనుమానం తప్పు కాదు. క్యాన్సరో కాదో తేల్చాలంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం అన్ని ఆసుపత్రుల్లో ఉన్న పద్ధతి. మిగతా జబ్బుల్లో ప్రాణం కాపాడే ఆ పరీక్షే ఈ జబ్బులో కీడు చేస్తుంది. ముక్క తీసిన గాయాన్ని మాన్పబోయి శరీరం అక్కడ ఎముక పోస్తుంది. పైగా ఆ తొలి దశలో తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసినా క్యాన్సర్ కణుతుల మాదిరే కనిపించి మోసపుచ్చుతుంది. ఆ తర్వాత కత్తి, విద్యుత్ కిరణాలు, ఘాటైన మందులు వరసగా నడుస్తాయి. ఎకరమో అరెకరమో అమ్మి తెచ్చిన డబ్బు చెల్లించి మరీ కుటుంబం బిడ్డకు అపకారం కొనుక్కుంటుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో పిల్లల వైద్యానికి సంబంధించిన ప్రముఖ పత్రిక పీడియాట్రిక్స్ 2005లో ఒక పరిశీలన ప్రచురించింది. వివిధ దేశాలకు చెందిన 138 మంది ఎఫ్.ఓ.పి. రోగుల అనుభవాలను అందులో క్రోడీకరించారు. వారిలో నూటికి 87 మందికి మొదట తప్పు రోగం పేరు చెప్పారు. నూటికి 32 మందికి క్యాన్సర్ అన్నారు. జబ్బు బయటపడ్డాక సరైన పేరు తెలియడానికి సగటున నాలుగేళ్లు పట్టింది. ఈలోగా ఆరుగురు డాక్టర్ల దాకా తిరగవలసి వచ్చింది. నూటికి 67 మందికి అక్కరలేని కోతలు పెట్టారు. నూటికి 49 మంది వైద్యం వల్లనే శాశ్వతంగా కొంత కదలిక పోగొట్టుకున్నామని చెప్పారు. సంపన్న దేశమా, బీద దేశమా అన్న తేడా ఈ పొరపాటులో కనిపించలేదు. కాళ్ల వైపు ఒక్కసారి చూసి ఉంటే వీరిలో ఎందరికో ఆ కత్తి తప్పేది.

సూది కూడా దెబ్బే

ఎఫ్.ఓ.పి. ఉన్న మనిషికి చిన్న గాయమైనా పెద్దదే. కండలోకి పొడిచే సూదిమందు ఆ చోట ఎముక పుట్టించవచ్చు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా సూదులు కండలోకి వేసినప్పుడు ఈ పిల్లల్లో కొందరికి ఆ చోట శాశ్వతంగా ఎముక ఏర్పడిందని 1995లో ప్రచురితమైన ఒక పరిశీలన చూపింది. ఇది చదివి మామూలు పిల్లలకు టీకాలు మాన్పించరాదు. వారికి టీకాలే రక్ష. ఎఫ్.ఓ.పి. ఉందని తేలిన పిల్లలకు మాత్రమే వైద్యులు వేరే దారి చూస్తారు. చర్మం కింద వేయదగిన టీకాలు అలా వేస్తారు. పోలియో చుక్కలు నోట్లో వేసేవే గనుక వాటితో ఇబ్బంది లేదు. పరీక్షల కోసం నరం నుంచి జాగ్రత్తగా రక్తం తీయవచ్చు.

పంటి వైద్యంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. పన్ను పీకే ముందు కింది దవడ మొద్దుబారడానికి లోతుగా వేసే సూది, నోరు బలవంతంగా బాగా తెరిపించడం రెండూ దవడ కీలు బిగియడానికి దారి తీయవచ్చు. ఆ తర్వాత అన్నం నమలడమే కష్టమవుతుంది. అందువల్ల వీరికి పళ్లు పుచ్చకుండా చూసుకోవడమే మేలు.

పల్లెల్లో మరో ప్రమాదం ఉంది. మెడ పట్టేసిందంటే నూనె రాసి గట్టిగా మర్దన చేయించడం, వంగని చేతిని ఇద్దరు పట్టుకుని బలవంతంగా వంచడం, కట్టు కట్టించడం, వాతలు పెట్టించడం మన వైపు మామూలు. చేసేవారు మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కాని ఎఫ్.ఓ.పి. ఉన్న బిడ్డకు అవన్నీ దెబ్బలతో సమానం. వంచిన కొద్దీ లోపల నారలు తెగుతాయి, తెగిన చోటల్లా ఎముక పుడుతుంది. పోనీ పుట్టిన ఎముకను ఆపరేషన్ చేసి తీసేద్దామంటే ఆ గాయంలో మరింత ఎముక పెరుగుతుంది.

ఫిలడెల్ఫియాలో నిలబడిన సాక్షి

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మ్యూటర్ మ్యూజియం అనే వైద్య ప్రదర్శనశాల ఉంది. అందులో హారీ ఈస్ట్‌లాక్ అనే వ్యక్తి అస్థిపంజరం ఉంది. 1933లో పుట్టిన హారీ నాలుగైదేళ్ల వయసులో సోదరితో కలిసి ఆడుకుంటూ కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక కాలు మునుపటిలా కదలలేదు. ఏళ్లు గడిచేకొద్దీ వీపు, మెడ, చేతులు, దవడ బిగుసుకుపోయాయి. చివరికి పెదవులు తప్ప ఏదీ కదపలేని స్థితికి వచ్చాడు. 1973 నవంబరులో, నలభై ఏళ్లు నిండడానికి కొద్ది రోజుల ముందు, న్యుమోనియాతో మరణించాడు. తన ఎముకలు చూసి డాక్టర్లు ఈ జబ్బు గురించి నేర్చుకోవాలని తన దేహాన్ని శాస్త్రానికి ఇచ్చాడు.

మామూలుగా అస్థిపంజరాన్ని నిలబెట్టాలంటే ఎముకకూ ఎముకకూ తీగెలు కట్టాలి. లేకుంటే కుప్పగా కూలిపోతుంది. హారీ ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉండడం వల్ల దానికి కొద్దిపాటి ఆధారం చాలింది. వీపు మీద ఎముక రేకులు రేకులుగా పరచుకుని కనిపిస్తుంది.

ఈ జబ్బు కొత్తగా వచ్చింది కూడా కాదు. లండన్‌లో జాన్ ఫ్రెక్ అనే శస్త్రవైద్యుడు వీపు నిండా గట్టి వాపులతో వచ్చిన 14 ఏళ్ల కుర్రవాడి సంగతి 1736లోనే రాసిపెట్టాడు. వెన్నెముక నుంచి బయలుదేరిన ఎముకలు పగడపు కొమ్మల్లా అల్లుకుపోయి ఉన్నాయని ఆయన వర్ణించాడు. అయినా రెండున్నర శతాబ్దాల పాటు కారణం తెలియలేదు. ఈ వ్యాధితో బాధపడుతున్న జీనీ పీపర్ అనే అమెరికన్ మహిళ 1988లో అక్కడక్కడ ఒంటరిగా ఉన్న రోగులను కూడగట్టి అంతర్జాతీయ ఎఫ్.ఓ.పి. సంఘం స్థాపించారు. పరిశోధనకు కావలసిన కుటుంబాలు ఒకచోట చేరడానికి, నిధులు సమకూరడానికి ఆ సంఘం తోడ్పడింది.

ఒక్క అక్షరం తప్పు

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఐలీన్ షోర్, ఫ్రెడరిక్ కాప్లాన్ నాయకత్వంలోని బృందం 2006 ఏప్రిల్ 23న ఆ కారణాన్ని ప్రకటించింది. మనిషి జన్యు లిపిలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. అందులో ఏ.సి.వి.ఆర్.1 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమే ఈ జబ్బుకు మూలమని తేలింది. ఎముక ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో కణానికి చెప్పే ద్వారం వంటిది ఆ జన్యువు. అక్షరం తప్పడంతో ఆ ద్వారం సరిగా మూసుకోదు. మామూలు మనిషిలో గాయం మానడానికి పనిచేసే ఏర్పాటు వీరిలో దారి తప్పి ఎముక కట్టడానికి పూనుకుంటుంది. అందుకే ప్రతి గాయం ఒక ఎముకకు విత్తనమవుతోంది.

ఈ విషయం తెలియడం వల్ల రెండు మేళ్లు జరిగాయి. మొదటిది, రక్తపరీక్షతోనే జబ్బును నిర్ధారించవచ్చు. ఒంట్లో ఒక్క ఎముక కూడా అదనంగా పుట్టకముందే, బొటనవేళ్లు చూసి అనుమానం వచ్చిన నాడే తేల్చవచ్చు. ముక్క తీయవలసిన అగత్యమే లేదు.

రెండో మేలు మన కుటుంబాలకు సంబంధించినది. బిడ్డకు అరుదైన జబ్బు వచ్చిందనగానే "మేనరికం చేసుకున్నారు, అందుకే" అని అత్తవారో, ఇరుగు పొరుగో అనడం కద్దు. మేనరికాల వల్ల వచ్చే జబ్బులు ఉన్న మాట నిజమే. ఇది మాత్రం ఆ కోవలోది కాదు. దాదాపు అన్ని కుటుంబాల్లోనూ తల్లికీ తండ్రికీ ఏ లోపమూ ఉండదు. బిడ్డలో ఆ అక్షరం కొత్తగా మారుతుంది, అంతే. గ్రహణం నాడు తల్లి బయటికి రావడం వల్ల గాని, కడుపుతో ఉండగా తిన్న తిండి వల్ల గాని రాదు. ఇది అంటువ్యాధి కూడా కాదు. జబ్బు ఉన్నవారు పిల్లలను కంటే మాత్రం ప్రతి బిడ్డకూ సగానికి సగం వచ్చే అవకాశం ఉంటుంది.

ఏది ఏ జబ్బు?

కీళ్లు బిగుసుకుపోయే జబ్బులు మన ప్రాంతాలకు కొత్త కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ ఉన్నట్టు వైద్యులు రాశారు. నల్లగొండ జిల్లా ఆ జబ్బుతో పడిన బాధ అందరికీ తెలిసిందే. ఫ్లోరోసిస్‌లోనూ మెడ తిరగదు, నడుము వంగదు, కీళ్ల చుట్టూ ఉన్న పట్టీలు గట్టిపడతాయి. కాని అది తాగే నీళ్ల నుంచి ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. అదే నీళ్లు తాగే వాళ్లు ఊళ్లో చాలామందికి వస్తుంది. పళ్ల మీద మచ్చలు ఉంటాయి. ఎఫ్.ఓ.పి. ఊరికంతటికీ రాదు, ఒక్క బిడ్డకే వస్తుంది. ఉన్నట్టుండి లేచే వాపులతో, పుట్టుకతో ఉన్న వంకర బొటనవేళ్లతో వస్తుంది.

మోచేయి విరిగినప్పుడో బెణికినప్పుడో గట్టిగా మర్దన చేయిస్తే ఆ కండలో ఎముక పుట్టి చేయి బిగుసుకుపోవడం ఎముకల డాక్టర్లు తరచు చూసే సంగతి. అది ఎవరికైనా రావచ్చు. అది దెబ్బ తగిలిన ఆ ఒక్క చోటుతో ఆగిపోతుంది. అలాంటి వారి బొటనవేళ్లు మామూలుగానే ఉంటాయి. వెన్నులో క్షయ వచ్చినా వీపు బిగుస్తుంది, గడ్డ లేస్తుంది. దానికి మంచి మందులున్నాయి, ఆలస్యం చేయరాదు. కనుక వీపు మీద గడ్డ కనిపించిన ప్రతి బిడ్డనూ డాక్టరుకు చూపించవలసిందే. ముక్క పరీక్ష అంటేనే భయపడి పారిపోవలసిన పని కూడా లేదు. కత్తి పట్టే ముందు ఒక్కసారి కాళ్లు చూడమని అడగడమే కావలసింది.

మందు ఉందా?

జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. వాపు లేచిన తొలి 24 గంటల్లో స్టెరాయిడ్ మాత్రలు కొద్ది రోజులు వాడితే, ముఖ్యంగా పెద్ద కీళ్ల దగ్గరా దవడ దగ్గరా లేచిన వాపుల్లో, కొంత ఉపయోగం ఉంటుందని నిపుణులు సలహా ఇస్తారు. ఇది డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. కొత్త ఎముక పుట్టడాన్ని తగ్గించే పాలోవరోటిన్ అనే మందును 2022లో కెనడా, 2023 ఆగస్టులో అమెరికా అనుమతించాయి. ఎదిగే పిల్లల్లో అది ఎముకల పెరుగుదలను ముందే ఆపేయవచ్చు. అందుచేత అమెరికాలో ఎనిమిదేళ్లు నిండిన ఆడపిల్లలకు, పదేళ్లు నిండిన మగపిల్లలకు మాత్రమే అనుమతి ఇచ్చారు. కడుపులోని పిండానికి కూడా అది హానికరం. ఐరోపా సమాఖ్య 2023లో ఆ మందుకు అనుమతి నిరాకరించింది. మరికొన్ని మందులపై ప్రయోగాలు సాగుతున్నాయి.

మందు లేని జబ్బుకు పేరు తెలిసి ఏం లాభం అని ఎవరైనా అడగవచ్చు. ఈ జబ్బులో ఏది చేయకూడదో తెలుసుకోవడమే పెద్ద వైద్యం. కోత తప్పితే ఒక కీలు మిగులుతుంది. బలవంతపు మర్దన తప్పితే ఒక భుజం మిగులుతుంది. చేతిని నోటిదాకా తెచ్చుకుని అన్నం తినగలిగే ఏళ్లు పెరుగుతాయి. ఆ ఏళ్లలో బిడ్డ చదువుకుంటాడు, కూర్చుని చేసే పని నేర్చుకుంటాడు.

ఎవరేం చేయాలి?

కాన్పు చేసిన నర్సు, ఇంటికి వచ్చే ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త బిడ్డ బరువు చూసినప్పుడే కాలి బొటనవేళ్లు కూడా చూడవచ్చు. 2013 నుంచి అమల్లో ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ, ప్రభుత్వ పాఠశాలలకూ వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. బొటనవేళ్లు రెండూ పుట్టుకతో వంకరగా ఉన్న సంగతి, మెడ బిరుసు సంగతి తల్లిదండ్రులు ఆ బృందానికి చెప్పాలి. అనుమానం ఉంటే ముందు పాదాలకు ఎక్స్‌రే, ఆ తర్వాత జన్యుపరీక్ష అడగాలి. అరుదైన జబ్బుల కోసం కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన జాతీయ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి., నిమ్స్ ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు రాసిచ్చిన చీటీతో, పాత ఎక్స్‌రేలు, కాగితాలు అన్నీ తీసుకుని అక్కడికి వెళ్లడం మంచిది.

జబ్బు ఉందని తేలిన బిడ్డ చదివే బడిలో పంతుళ్లకు విషయం చెప్పి ఉంచాలి. భుజాలు బిగుసుకున్న పిల్లలు పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకోలేరు. నేరుగా తలకే దెబ్బ తగులుతుంది. అందువల్ల తోపులాట ఉండే ఆటలకు దూరంగా ఉంచాలి గాని బడికి దూరం చేయరాదు. ఇంట్లో గడపలు, తడి బండలు, చీకటి మెట్లు ఉన్న చోట జాగ్రత్త తీసుకోవాలి. ఊళ్లో సూదిమందు వేసే వైద్యుడికీ, పళ్ల డాక్టరుకూ, ఎప్పుడైనా ప్రమాదం జరిగితే చూసే పెద్దాసుపత్రి వారికీ తెలిసేలా "ఈ బిడ్డకు ఎఫ్.ఓ.పి. ఉంది, కండలోకి సూది వేయవద్దు, గడ్డ కోయవద్దు, కీళ్లు బలవంతంగా వంచవద్దు" అని డాక్టరు సంతకంతో ఒక చీటీ రాయించి బిడ్డ దగ్గర ఎప్పుడూ ఉంచాలి. ఇంట్లో మరో ప్రతి, బడిలో మరో ప్రతి ఉంచితే ఇంకా మంచిది.